ఏఐ రాసిచ్చే మార్కెట్ సమ్మరీలు పావుగంటల ఎట్ల చదవాలె: మా దుకాణం టేబుల్ మీద నేర్సుకున్న పద్ధతి

2025 అక్టోబర్ 14, మంగళవారం, పొద్దుగాల పదింబావు అయితున్నది. నల్లగొండ గడియారం సెంటర్ కాడ మా ఫర్టిలైజర్ దుకాణంల పత్తి మందుల లెక్క రాస్తున్న, జడ్చర్ల నుంచి మా బావ ఫోన్. "బామ్మర్దీ, టాటా మోటార్స్ 40 శాతం పడ్డదంట, యాప్‌ల ఏఐ సమ్మరీ వచ్చింది, భారీ పతనం అని రాసిండ్రు, అమ్మేస్తున్న" అన్నడు. బావా ఆగు, బటన్ మీదికెళ్లి వేలు తియ్యి అన్న. ఆ కంపెనీ రెండు ముక్కలైన లెక్క షేరు ధరల కనిపించిన మొదటి రోజు అది. లారీలు, బస్సుల యాపారం వేరే కంపెనీ కింద పోయింది, ఒక షేరు ఉన్నోనికి కొత్త కంపెనీది ఇంకో షేరు వస్తది, అందుకే ముందురోజు 660 దగ్గర ఉన్నది ఆ పొద్దు 400 దగ్గర మొదలైంది. ఇల్లు ఇద్దరన్నదమ్ములు పంచుకుంటె ఇల్లు కూలినట్టా? మెషీనుకు పాత రేటు కనిపించింది, కొత్త రేటు కనిపించింది, మధ్యల తేడా తీసి "పతనం" అని రాసింది.

బావ ఒకటే మాట అడిగిండు, "గంత పెద్ద మెషీనుకు గీ ముచ్చట తెల్వదా?" అని. తెల్వదు. ఇయ్యాల నిన్నటి సంది కాదు. అమెరికాల అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ 2014 నుంచే కంపెనీల రిజల్ట్స్ వార్తలు మెషీనుతోని రాయిస్తున్నది. 2015 జులైల నెట్‌ఫ్లిక్స్ మీద అట్ల రాసిన ఒక వార్తల, షేరు ఏడాది మొదలు నుంచి 71 శాతం పడ్డదని వచ్చింది. నిజానికి ఆ షేరు డబుల్ కంటె ఎక్కువైంది, కాకపోతె ఒక షేరును ఏడు చేసిండ్రు, స్ప్లిట్ అన్నట్టు. ఆ తర్వాత వాళ్లు సవరించుకున్నరు. పదేండ్లు గడిచినయ్, మెషీన్ల భాష మస్తు నున్నగైంది గని గీ తప్పు మాత్రం మా బావ ఫోన్ల అట్లనే ఉన్నది. భాష నున్నగైతె ఇంకా డేంజర్ ఎందుకంటె తప్పు కూడ ముద్దుగ కనిపిస్తది.

అట్లని సమ్మరీలు చదువద్దు అంటలేను, నేను దినాం చదువుత. దుకాణం పెట్టుకున్నోనికి, నౌకరి చేసెటోనికి నాలుగు పేపర్లు, మూడు ఛానళ్లు చూసె టైం యాడుంది. కాని వాటిని చదివె తీరు ఒకటున్నది, దెబ్బలు తిని నేర్సుకున్న. ముందే చెప్తున్న, షేర్ మార్కెట్ మీద నిఘా పెట్టె సెబీ దగ్గర రిజిస్టర్ అయిన సలహాదారును నేను కాను, ఏది కొనాలె ఏది అమ్మాలె అని ఇండ్ల ఉండదు, చదువుడు ఎట్ల అన్నదే ఉంటది.

స్టెప్ 1: టైం కట్టుకోండ్రి

రెండే సార్లు. పొద్దుగాల ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది లోపట ఒకసారి, పొద్దుమూకినంక ఒకసారి. తొమ్మిదికి ప్రీ ఓపెన్, అంటె తెరువకముందు రేటు కుదిర్చె టైం, మొదలైతది, తొమ్మిదింబావుకు మార్కెట్ తెరుస్తరు, మూడున్నరకు మూస్తరు, ఈ నడుమ వచ్చె సమ్మరీలు నేను అసలు తెరువ. పది నిమిషాలకొకటి మారుతుంటయ్, పదకొండుకు "కొనుగోళ్ల జోరు" అని రాసిందే పన్నెండింటికి "అమ్మకాల ఒత్తిడి" అంటది, రెండూ చదివినోడు ఆగమైతడు.

పొద్దున ఎందుకంటె అమెరికా ముచ్చట రాత్రి అయిపోతది. మన రిజర్వ్ బ్యాంక్ లెక్క వాళ్లకు ఫెడ్ ఉంటది, దాని వడ్డీ నిర్ణయం మన టైంల రాత్రి పదకొండున్నరకో పన్నెండున్నరకో వస్తది, ఎండకాలం చలికాలం బట్టి వాళ్లు గడియారం జరుపుతరు కదా. సాయంత్రం ఎందుకంటె ఫారినోళ్లు, మన ఫండ్ల వాళ్లు ఎంత కొన్నరు ఎంత అమ్మిండ్రు అన్న లెక్క మార్కెట్ మూసినంకనే వస్తది. ఇంకోటి, కంపెనీ బోర్డు మీటింగ్ అయినంక 30 నిమిషాలల్ల ఎక్స్చేంజికి, అంటె షేర్లు కొనె అమ్మె అంగడికి, చెప్పాలె, మీటింగ్ మార్కెట్ టైం దాటినంక ముగిస్తె 3 గంటల టైం ఉంటది. అంటె సాయంత్రం ఏడు ఎనిమిదికి కూర్చుంటె ఆ రోజు రిజల్ట్స్ చాలామట్టుకు వచ్చేసి ఉంటయ్, అసలు కాయితం పక్కన పెట్టుకొని సమ్మరీ చదువొచ్చు.

స్టెప్ 2: సమ్మరీ తెరువకముందే మీ చిట్టీ రాస్కోండ్రి

టైం అన్నిటికంటె ఎక్కువ ఇక్కడనే మిగులుతది. అంగడికి చిట్టీ లేకుండ పోతె ఏం తెస్తమో తెల్సు కదా, గదే ముచ్చట. నా బిల్లు బుక్కు ఎనకాల అట్ట మీద రాసి పెట్టిన: నా దగ్గర ఉన్న ఆరు షేర్ల పేర్లు, ఇగ నాలుగు విషయాలు. పత్తి, ఎందుకంటె నా గిరాకి అంత దాని మీదనే. సిమెంట్, ఎందుకంటె హుజూర్‌నగర్, మట్టంపల్లి దిక్కు అంత అవే ఫ్యాక్టరీలు, అక్కడి పోరగాండ్ల నౌకరీలు దాంట్లనే. ఫార్మా, మా బావ ఉన్న జడ్చర్ల పక్కన పోలేపల్లి మందుల ఫ్యాక్టరీల వల్ల. నాలుగోది రిజర్వ్ బ్యాంక్ వడ్డీ.

సమ్మరీల ఈ పది మాటలల్ల ఏదన్న కనిపిస్తె ఆగుత, లేకుంటె వేలు కిందికి జరుగుతనే ఉంటది. బిట్‌కాయిన్ ఏమైంది, జపాన్ల ఏమైంది, ఎవడో ఎవణ్ణో కొన్నడు, నాకు పనిలేదు. మొదట్ల మనసు ఊకోదు, ఏదో మిస్ అయితున్నట్టు అనిపిస్తది, వారం దాటితె అలవాటైతది. మీ చిట్టీ మీదే అయి ఉండాలె, నాది కాపీ కొట్టకుండ్రి, మిర్యాలగూడల రైసు మిల్లున్నోడు పత్తి రాస్కొని ఏం చేస్తడు.

స్టెప్ 3: "వల్ల", "కారణంగా", "నేపథ్యంలో" అన్న మాటలు కొట్టేయుండ్రి

ఇది అసలైన స్టెప్, ఇది ఒక్కటి పట్టుకుంటె మిగిలినవి సగం సగం చేసినా నడుస్తది.

ఏఐ సమ్మరీల రెండు తీర్ల మాటలుంటయ్. ఒకటి ఏం జరిగింది అన్నది, ఇంకోటి ఎందుకు జరిగింది అన్నది. ఏం జరిగిందో యాడనో ఒకకాడ రాసి ఉంటది, చూస్కోవచ్చు. ఎందుకు అన్నది మాత్రం మెషీను అతికించింది. షేరు పడ్డది, అదే రోజు ఏదో వార్త వచ్చింది, రెండిటి నడుమ "వల్ల" అని పెట్టేస్తది. వార్త ఏం దొరకకుంటె "ప్రాఫిట్ బుకింగ్", అంటె లాభం చూస్కోని అమ్ముకున్నరు, అంటది, అది కూడ కుదరకుంటె "గ్లోబల్ సంకేతాలు" అంటది. మన ఊర్లల్ల జరం వచ్చినా కాలు ఇరిగినా దిష్టి తాకిందంటరు సూడు, గట్లనే. మనుషులు రాసె మార్కెట్ వార్తలల్ల కూడ ఇదే రోగం ఉన్నది, మెషీను అవే చదివి నేర్సుకున్నది మరి.

ఒక ముక్క దగ్గరికెళ్లి చూద్దం. కంపెనీ పేరు లేదు, అంకెలు నేను లెక్క కోసం పెట్టినయ్, కాని వాక్యాలు మీరు దినాం చూసెటియే:

"గ్లోబల్ మార్కెట్ల బలహీన సంకేతాల నడుమ ఫలానా సిమెంట్ షేరు 3 శాతం నష్టపోయింది. మదుపర్లు అప్రమత్తంగా వ్యవహరిస్తున్నారు. జులై-సెప్టెంబర్ 2025 త్రైమాసికంలో జీఎస్టీ తగ్గింపు వల్ల కంపెనీ లాభం 42 శాతం పెరిగి 210 కోట్లకు చేరింది."

పెన్ను తీస్కోండ్రి. "గ్లోబల్ సంకేతాల నడుమ" కొట్టేయ్. "మదుపర్లు అప్రమత్తం" కొట్టేయ్, ఎవలు వీళ్లు, ఎవలు పోయి అడిగిండ్రు వీళ్లను? "జీఎస్టీ తగ్గింపు వల్ల" కాడ జర ఆగుండ్రి. సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజం. ఎప్పటి సంది? 2025 సెప్టెంబర్ 22 సంది. త్రైమాసికం సెప్టెంబర్ 30కి అయిపాయె. మూడు నెలలల్ల 9 రోజులు తగ్గిన పన్ను 42 శాతం లాభం తెస్తదా? పైగ ఆ పన్ను కొనెటోనికి తగ్గింది, కంపెనీ జేబుల పడ్డది కాదు. రెండు నిజాలు పక్కపక్కన పెట్టి అబద్ధం తయారు చేసుడు అంటె ఇదే. మెషీను కావాలని చెయ్యలే, పక్కపక్కన కనిపించినయ్ కాబట్టి కలిపింది.

ఇగ మిగిలింది ఏంది? షేరు 3 శాతం పడ్డది, లాభం 210 కోట్లు, 42 శాతం ఎక్కువ. ఇంతే. ఇప్పుడు లాభం మీద అడుగుండ్రి, 42 శాతం దేనిమీద ఎక్కువ? పోయిన ఏడాది ఇదే త్రైమాసికం మీదనా, దీని ముందటి త్రైమాసికం మీదనా? సిమెంటుకు ఇది శానా ముఖ్యం ఎందుకంటె వానకాలంల కట్టుడు పనులు ఆగుతయ్, అందుకే జులై-సెప్టెంబర్ ఎప్పుడూ డల్లుగ ఉంటది, దాన్ని ఏప్రిల్-జూన్‌తోని పోలిస్తె ఎంత మంచి కంపెనీ అయినా పడ్డట్టే కనిపిస్తది. ఏడాదికి ఏడాది పోల్చాలె. సరె, కంపెనీ పీడీఎఫ్ తెరిచినం అనుకోండ్రి, పోయిన ఏడాది ఇదే టైంల 148 కోట్లు, ఇప్పుడు 210, లెక్క సరిపోయింది. కాని కింద "ఎక్సెప్షనల్ ఐటమ్స్" అని, ఎప్పుడో ఒకసారి వచ్చె పోయె పైసల లైన్ ఒకటి ఉంటది, దాంట్ల జాగ అమ్మితె వచ్చిన 55 కోట్లు ఉన్నయ్. పన్ను సంగతి పక్కన పెట్టి 210ల నుంచి 55 తీస్తె 155. అంటె సిమెంట్ అమ్మి పెరిగింది 42 శాతం కాదు, 5 శాతం కూడ లేదు. షేరు 3 శాతం ఎందుకు పడ్డదో బహుశా గిప్పుడు సమజ్ అయితది, అదీ బహుశానే, నేను కూడ "వల్ల" అని అతికిస్తె మెషీనుకు నాకు తేడా ఏమున్నది.

ఇదంత చెయ్యనీకి నాకు నాలుగైదు నిమిషాలు పడతది. అన్ని వార్తలకు చెయ్య, నా చిట్టీల ఉన్న ఒకటో రెండో వార్తలకు చేస్త.

స్టెప్ 4: తారీఖు ఎతుకుండ్రి

సమ్మరీల "తాజాగా" అని ఉంటె నమ్మకుండ్రి, "తాజాగా" అన్నది తారీఖు కాదు. 2008 సెప్టెంబర్ 8న అమెరికాల ఏమైందంటె, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2002ల దివాళా తీసినప్పటి పాత వార్త ఒకటి తారీఖు లేకుండ ఇంటర్నెట్ల మళ్ల పైకొచ్చింది, మెషీన్లు దాన్ని కొత్త వార్త అనుకొని ఎత్తుకున్నయ్, నిమిషాలల్ల ఆ కంపెనీ షేరు ముప్పావు వంతు ఊడిపోయింది. ఆరేండ్ల కిందటి వార్త! తర్వాత తేరుకున్నది గని ఆ నిమిషాలల్ల అమ్మినోని పైసలు ఎవడిస్తడు.

మన దిక్కు చెప్పాల్నంటె పత్తి. విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఉంటుండె. 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబర్ 30 దాక తీసేసిండ్రు. కొన్ని రోజులకే దాన్ని డిసెంబర్ 31 దాక పొడిగించిండ్రు. ఇప్పుడు మెషీను ముంగట రెండు వార్తలున్నయ్, రెండూ నిజమే, రెండూ ఆగస్టువే. నేను అక్టోబర్ల అడిగితె ఒక సమ్మరీ "సుంకం మినహాయింపు సెప్టెంబర్ 30తో ముగిసింది" అని రాసింది, ఇంకో యాప్ డిసెంబర్ అని రాసింది. మద్దతు ధర కూడ అంతే, పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 2024-25ల 7,521 రూపాయలు, 2025-26కి 8,110. సీజన్ పేరు లేకుండ "మద్దతు ధర 7,521" అని వస్తె, మా దుకాణానికి వచ్చిన ఒక కాక అదే చూసి ప్రైవేటోడు ఇచ్చె రేటు బాగనే ఉన్నదనుకొని మాటిచ్చేసిండు. నేను చెప్పెవరకు ఆయనకు 8,110 ముచ్చటనే తెల్వది. సర్కారు తరఫున పత్తి కొనె సీసీఐ కాడికి తీస్కపోతె తేమ 8 నుంచి 12 శాతం లోపట ఉండాలె, అది వేరే లొల్లి అనుకో.

బియ్యం ఎగుమతులు కూడ గట్లనే. బాస్మతి కాని తెల్ల బియ్యం మీద 2023 జులైల నిషేధం పెట్టిండ్రు, 2024 సెప్టెంబర్ల ఎత్తేసిండ్రు. "నిషేధం" అన్న వార్తలు ఏడాది పొడుగునా వచ్చినయ్, ఎత్తేసిన వార్త నాలుగు రోజులే నడిచింది, మరి మెషీనుకు ఏది ఎక్కువ కనిపిస్తది?

అందుకే చెయ్యాల్సిన పని ఏందంటె, సమ్మరీల ప్రతి అంకె పక్కన "ఎప్పటిది?" అని మనసుల అడుగుడు. జవాబు సమ్మరీల లేకుంటె కింద ఉన్న లింకు తెరిచి తారీఖు చూసుడు. లింకు కూడ లేకుంటె ఆ లైన్ లేనట్టే.

స్టెప్ 5: అంకెలకు తోకలు చూడుండ్రి

కోట్లా, మిలియన్లా, శాతమా, పాయింట్లా. 1 మిలియన్ అంటె 10 లక్షలు, 1 బిలియన్ అంటె 100 కోట్లు, 1 ట్రిలియన్ అంటె లక్ష కోట్లు. ఈ మూడు లైన్లు నా క్యాలిక్యులేటర్ ఎనక అంటించి పెట్టిన. ఇంగ్లీషు నుంచి తెలుగుల మార్చినప్పుడు డాలర్లు రూపాయలైతయ్, బిలియన్లు కోట్లైతయ్, నడుమ సున్నలు రాలిపోతయ్.

వడ్డీ కాడ ఇంకో తిప్పలు. 2025 జూన్ 6న రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును, అంటె బ్యాంకులకు అప్పిచ్చె వడ్డీని, 6 నుంచి 5.50కి తగ్గించింది, దాన్ని 50 బేసిస్ పాయింట్లు అంటరు, 100 బేసిస్ పాయింట్లు కలిస్తె ఒక శాతం. అంటె అర శాతం తగ్గింది. ఎవడన్న "50 శాతం తగ్గింపు" అని పంపిస్తె నవ్వుకోని ఇడిసిపెట్టుండ్రి, 50 శాతం తగ్గితె 3 అయితుండె.

"సెన్సెక్స్ 300 పాయింట్లు కుప్పకూలింది" అని ఉంటె భయపడకుండ్రి. సెన్సెక్స్ 80,000 ఉంటె 300 అంటె అర శాతం కూడ కాదు. కుప్పకూలుడు అంటె ఏందో 2024 జూన్ 4న చూసినం, ఎలక్షన్ రిజల్ట్స్ రోజు, 4,390 పాయింట్లు, 5.74 శాతం. సమ్మరీ రాసెటోనికి రెండిటికీ ఒకటే మాట దొరుకుతది, అందుకే నేను క్రియలు చదువ, శాతం చదువుత.

ఇంకోటి, మన కంపెనీలకు క్యూ1, అంటె మొదటి త్రైమాసికం, ఏప్రిల్-జూన్, అమెరికాల చాన కంపెనీలకు జనవరి-మార్చి. ఐటీ వార్తలల్ల రెండూ ఒకటే పేరాల కలిసి వస్తయ్.

స్టెప్ 6: తెలుగు సమ్మరీ అయితె ఇంకో అద్దం పెట్టుకోండ్రి

దీని గురించి ఎవలూ రాయరు గని మనకు ఇదే అసలు దెబ్బ. తెలుగుల వచ్చె సమ్మరీలు చాలామట్టుకు ఇంగ్లీషుల తయారై తెలుగులకు మారినయ్. "ఆదాయం" అన్న మాటనే చూడుండ్రి. సరుకు అమ్మితె గల్లపెట్టెల పడ్డ మొత్తం కూడ ఆదాయమే, ఖర్చులు పోను మిగిలింది కూడ కొన్ని సమ్మరీలల్ల "నికర ఆదాయం". నా దుకాణంల నెలకు పది లక్షల గిరాకి అయితది అంటె నాకు పది లక్షలు మిగులుతున్నయనా? "ఆదాయం" అని కనిపిస్తె అది గిరాకినా, లాభమా అని అడగాలె. ఒకసారి "రైట్స్ ఇష్యూ"ను "హక్కుల సమస్య" అని రాసింది ఒక యాప్, నేను కంపెనీల ఏదో కోర్టు లొల్లి అనుకున్న, చూస్తె పాత షేర్‌హోల్డర్లకు కొత్త షేర్లు ఇస్తున్నరు.

ఇగ నా సొంత పైసలు పోయిన ముచ్చట. మన దిక్కు ప్లాంటు ఉన్న ఒక ఫార్మా కంపెనీ, పేరెందుకు, దాని షేర్లు నా కాడ ఉండె. పొద్దుగాల తెలుగు సమ్మరీల "అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక" అని వచ్చింది. ఎఫ్‌డీఏ అంటె అమెరికాల మందుల మీద నిఘా పెట్టె సంస్థ. గుండె గుభేలుమన్నది, మార్కెట్ తెరవంగనే అమ్మిన. సాయంత్రం తీరుబడిగ ఎక్స్చేంజిల కంపెనీ పెట్టిన కాయితం చదివితె, అది వార్నింగ్ లెటర్ కాదు, ఫారం 483, రెండు అబ్జర్వేషన్లు. ఈ రెండిటికీ తేడా ఉన్నది. ఎఫ్‌డీఏ ఆఫీసర్లు ప్లాంటు చూసి పోయెటప్పుడు, మాకు గీ లోపాలు కనిపించినయ్ అని చేతికిచ్చె కాయితం 483. కంపెనీ 15 పనిదినాలల్ల జవాబు ఇచ్చుకుంటది. తర్వాత ఎఫ్‌డీఏ ఆ తనిఖీకి ఒక గ్రేడు ఇస్తది. ఏం అవసరం లేదు అంటె ఎన్‌ఏఐ, మీరే సరిచేస్కోండ్రి అంటె వీఏఐ, మేం చర్య తీస్కుంటం అంటె ఓఏఐ. వార్నింగ్ లెటర్, సరుకును అమెరికాలకు రానియ్యని ఇంపోర్ట్ అలర్ట్ లాంటి పెద్ద దెబ్బలు సాధారణంగ ఆ చివరి గ్రేడు దాక పోయినంక వస్తయ్. 483 అంటె బడిల సారు నోట్‌బుక్కుల ఎర్ర పెన్నుతోని గీసినట్టు, వార్నింగ్ లెటర్ అంటె ఇంటికి మీ నాయినను తీస్కరా అని పంపినట్టు. ఇంగ్లీషుల రెండు పేర్లు వేర్వేరు, తెలుగుల మెషీనుకు రెండూ "హెచ్చరిక". ఆ ఒక్క మాటకు నాకు పదకొండు వేలు పోయినయ్, ఎందుకంటె వారంలనే షేరు మళ్ల పాత రేటుకొచ్చింది, నా దగ్గర షేరు లేదు.

అప్పటి సంది ఒక రూల్ పెట్టుకున్న. తెలుగుల చదివి ఇదేదో పెద్దదే అనిపిస్తె, అమ్మె కొనె ముందు అదే వార్త ఇంగ్లీషు హెడ్డింగ్ ఒక్కసారి చూస్త. ఇంగ్లీషు మొత్తం రాకున్నా ఫర్వాలేదు, నాలుగు పదాలు గుర్తుపడితె చాలు.

స్టెప్ 7: అసలు కాయితం తెరుసుడు

ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్ల గాని బీఎస్‌ఈ వెబ్‌సైట్ల గాని కంపెనీ పేరు కొట్టి అనౌన్స్‌మెంట్స్ అన్న కాడికి పోతె పీడీఎఫ్‌లు వరుసగ ఉంటయ్, టైంతో సహా, పైసా ఖర్చు లేదు. సెబీ రూల్ ప్రకారం ధర మీద ప్రభావం పడె ముచ్చట ఏదైనా కంపెనీ అక్కడ పెట్టాల్సిందే. మార్కెట్ పుకార్లు ఎన్ని ఉన్నా అక్కడ ఏం లేకుంటె నేను ఆగుత. త్రైమాసికం రిజల్ట్స్ 45 రోజులల్ల, ఏడాది మొత్తానివి 60 రోజులల్ల రావాలె, అందుకే జులై, అక్టోబర్, జనవరి నెలలు సగం దాటినంక సమ్మరీలు కుప్పలు తెప్పలు.

పీడీఎఫ్ ఇరవై పేజీలుంటది, మొత్తం ఎవలు చదువుతరు. నేను చూసేవి ఏందంటె, పైన "కన్సాలిడేటెడ్" అని ఉన్నదా "స్టాండలోన్" అని ఉన్నదా. కన్సాలిడేటెడ్ అంటె పిల్ల కంపెనీలతోని కలిపి మొత్తం ఇల్లు, స్టాండలోన్ అంటె పెద్దోని జేబు ఒక్కటే. సమ్మరీల లాభం ఒకదాండ్లది, అమ్మకాలు ఇంకోదాండ్లవి తీసి రాసుడు నేను రెండు మూడు సార్లు పట్టుకున్న. తర్వాత "అదర్ ఇన్‌కమ్" (అసలు యాపారం కాకుండ వచ్చిన పైసలు), "ఎక్సెప్షనల్ ఐటమ్స్" లైన్లు, చివర్ల చిన్న అక్షరాల నోట్స్. అంతే. షేరు ధర సడెన్‌గ సగం అయితె మాత్రం బోనస్సా (ఉన్నోనికి ఉత్తగ ఇంకిన్ని షేర్లు), స్ప్లిట్టా, డీమెర్జరా (టాటా మోటార్స్ లెక్క ముక్కలైందా) అని ముందు చూస్త. 2024 అక్టోబర్ 28న రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చినప్పుడు కూడ ధర సగం కనిపించింది, షేర్లు డబుల్ అయినయ్.

స్టెప్ 8: ఏఐతోనే పని చేయించుకునుడు

ఏఐని వార్త అడిగితె వార్త అల్లుతది, కాయితం ఇచ్చి పని చెప్తె మంచిగనే చేస్తది. తేడా మస్తు. 2025 అక్టోబర్ల బీబీసీ, యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ కలిసి ఒక స్టడీ ఇచ్చినయ్, 18 దేశాల జర్నలిస్టులు ఏఐలను వార్తల మీద ప్రశ్నలు అడిగి చూసిండ్రు, 45 శాతం జవాబులల్ల కనీసం ఒక పెద్ద లోపం దొరికింది. అందుకే నేను వార్త అడుగ, పీడీఎఫ్ పెట్టి ఇట్ల అడుగుత:

"ఈ పీడీఎఫ్‌ల ఉన్నదే చెప్పు, బయటిది చెప్పకు. అమ్మకాలు, లాభం, అదర్ ఇన్‌కమ్, ఎక్సెప్షనల్ ఐటమ్స్, అప్పు, ఇవి పోయిన ఏడాది ఇదే త్రైమాసికంతోని పక్కపక్కన పెట్టు. ప్రతి అంకెకు పేజీ నంబర్ రాయి. దాంట్ల లేని అంకె ఉంటె లేదు అని రాయి. కారణాలు చెప్పకు."

"కారణాలు చెప్పకు" అన్నది మర్చిపోకుండ్రి. పేజీ నంబర్ ఇచ్చినంక అన్నీ చూడాల్సిన పనిలేదు, రెండు అంకెలు తెరిచి చూడుండ్రి, రెండూ సరిగ్గుంటె చాలావరకు ఫర్వాలేదు, ఒకటి తప్పైనా మొత్తం పక్కన పెట్టుండ్రి. ఇగ "కొనాల్నా అమ్మాల్నా" అని మాత్రం అడుగకుండ్రి. మీరు కొందమని మనసుల పెట్టుకొని అడిగితె కొనుమంటది, భయంతోని అడిగితె భయపెడ్తది, మీ మాటల రంగే దానికి అంటుతది.

స్టెప్ 9: వాట్సాప్‌ల వచ్చె వీడియో సమ్మరీలు

దీనికి ఎక్కువ టైం పెట్టను. 2024 ఏప్రిల్ల ఎన్‌ఎస్‌ఈనే స్వయంగ హెచ్చరిక ఇచ్చింది, వాళ్ల ఎండీ ఆశిష్‌కుమార్ చౌహాన్ ముఖం, గొంతు పెట్టి షేర్లు కొనుమని చెప్తున్న నకిలీ వీడియోలు తిరుగుతున్నయని. అదే ఏడాది నవంబర్ల రిజర్వ్ బ్యాంక్ కూడ గవర్నర్ పేరుతోని వచ్చె డీప్‌ఫేక్, అంటె మెషీనుతోని చేసిన నకిలీ, వీడియోల మీద చెప్పింది. పెద్ద మనిషి నోట్ల నుంచి షేరు పేరు వస్తె అది నకిలీ, ఇంక చూసుడు లేదు. ఆప్షన్స్ టిప్పులు కూడ అంతే. 2022 నుంచి 2024 దాక మూడు ఆర్థిక సంవత్సరాలల్ల ఎఫ్ అండ్ ఓ, అంటె ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరాలు, చేసిన మామూలు మనుషులల్ల 93 శాతం మంది పైసలు పోగొట్టుకున్నరని సెబీ లెక్క తీసింది, నా చిట్టీల అందుకే ఆ ముచ్చటనే లేదు.

స్టెప్ 10: వారానికోసారి పాత సమ్మరీ తిరగేసుడు

ఆదివారం దుకాణం సగం పూట. అప్పుడు సోమవారం దాచిపెట్టిన సమ్మరీ స్క్రీన్‌షాట్ తీసి చదువుత. "ర్యాలీ కొనసాగే అవకాశం" అని రాసింది, కొనసాగిందా? "కీలక మద్దతు స్థాయి" అన్నది, అంటె ఇంతకంటె కింద పడదన్న రేటు, అక్కడ ఆగిందా? టిక్కు, ఇంటూ పెట్టుకుంట పోత. అంకెలు ఎక్కువమట్టుకు నిజం, తారీఖులు అక్కడక్కడ తేడా, కారణాలు పరీక్షకే దొరకవు, జోస్యాలు నాణెం ఎగరేసినట్టు. ఏ యాప్ సమ్మరీ కింద లింకులు ఇస్తున్నది, ఏది ఇస్తలేదు అన్నది కూడ ఇక్కడనే తెలుస్తది, లింకులు ఇయ్యనివి రెండు తీసేసిన, ఫోన్ల జాగ కూడ దొరికింది.

ఇయ్యాల పొద్దుగాల గడియారం చూస్కోని మరీ చదివిన. ఇరవై రెండు వార్తలున్నయ్, నా చిట్టీల కలిసినయ్ మూడు, లింకు తెరిచింది రెండు, పీడీఎఫ్ తెరిచింది ఒకటి, మొత్తం పదమూడు నిమిషాలు. షట్టర్ ఎత్తుతుంటె బావ ఫోన్, ఏదో షేరు ఐదో వంతు అయిందంట. "అమ్ముతున్నవా బావా?" అన్న. "ఆగు బామ్మర్దీ, స్ప్లిట్ ఉన్నదా అని చూస్తున్న, పీడీఎఫ్ తెరుచుకుంటలేదు, మా ఇంట్ల సిగ్నల్ సక్కగ లేదు" అన్నడు.